పంటి ముక్కల వెంట హైదరాబాద్‌లో

శుక్రవారం, నౌబత్ పహాడ్

బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందుకు వచ్చినవాళ్లంతా మొదట తలే చూస్తారు. ఫొటో కూడా తల పడేట్టే దిగుతారు. నిజానికి తవ్వకాల్లో దొరకనిది ఆ తలే. 1970ల చివర్లో పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ఒకే చోట వందల కొద్దీ ఎముకలు బయటపడ్డాయి. కనీసం పన్నెండు జంతువులవి. వెన్నుపూసలు, తుంటి, కాళ్లు, తోక అన్నీ ఉన్నాయి. పుర్రె మాత్రం లేదు, పళ్లు మిగిలాయి. 1988లో జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి ఆ జంతువుకు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు.

నా పక్కన ఒక పిల్లాడు వాళ్ల నాన్న చొక్కా గుంజుతున్నాడు.

"ఇది మనుషులను తింటదా డాడీ?"

"అప్పట్ల మనుషులు యాడున్నర్రా."

"మరి ఎవలున్నరు?"

తండ్రి ఫోన్‌లో పడ్డాడు. నాకు నోరు ఊరుకోలేదు. "చుంచెలుకంత జంతువులు ఉండె బాబూ. దీని కాళ్ల సందుల తిరిగేటివి" అన్నాను. వాడు వెంటనే వంగి, కటకటాల లోపల నేల మీద వెతికాడు. ఆ హాల్లో కిందికి చూసింది వాడొక్కడే.

ఈసారి సంక్రాంతి సెలవుల్లో హనుమకొండ నుంచి తార్నాకలో అక్క ఇంటికి వస్తూ నేను పెట్టుకున్న పని కూడా అదే, కిందికి చూడడం. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. క్షీరదాల లక్షణాలు ఏటా బోర్డు మీద వరసగా రాయిస్తాను: వెంట్రుకలు, పాలగ్రంథులు, నాలుగు గదుల గుండె. వీటిలో ఏదీ మామూలుగా రాయిలో మిగలదు. మరి కోట్ల ఏళ్ల కిందటి జంతువు క్షీరదమో కాదో ఎట్లా చెబుతారు? ఈ ప్రశ్న వేసిన పిల్లలకు నేను ఇన్నాళ్లూ ఇచ్చింది రెండు వాక్యాల జవాబు. దాన్ని పెద్దది చెయ్యడానికి విదేశాలకు పోనక్కర్లేదు, ప్రాణహిత-గోదావరి లోయ రాళ్లు, వికారాబాద్ నల్లరాళ్లు చాలు.

కోటాసారస్ దొరికిన రాళ్లను కోటా ఫార్మేషన్ అంటారు. ప్రాణహిత ఒడ్డున సిరోంచ దగ్గరి కోటా ఊరి పేరు మీద వచ్చింది. జురాసిక్ కాలపు తొలి, మధ్య భాగాల నాటివి. ఈ డైనోసార్ వయసు 16 కోట్ల ఏళ్లని చెప్పేవాళ్లున్నారు, ఇంకా ఎక్కువే అనేవాళ్లూ ఉన్నారు. అవే రాళ్లలోంచి 1981లో పి.ఎం. దత్తా ఒక పన్ను వర్ణించి కోటాథీరియం హాల్డేనీ అన్నారు. భారతదేశంలో దొరికిన మొదటి జురాసిక్ క్షీరదం అది. పేరులోని హాల్డేన్ మనకు తెలిసిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేనే. ఆయన 1957లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. లండన్ నుంచి శిలాజాల శాస్త్రవేత్త పమేలా రాబిన్‌సన్‌ను ఆ సంస్థ స్థాపకుడు మహలనోబిస్ పిలిపించి, లెక్కల సంస్థలో భూగర్భ విభాగం పెట్టించిన రోజులవి. ఆ సంస్థవాళ్లు గాలించిన గోదావరి లోయలోనే, మలేరి అనే రాళ్లలో దొరికిన ఒక సైనోడాంట్‌కు (క్షీరదాలు పుట్టుకొచ్చిన గుంపు జంతువుకు) 1982లో ఎగ్జెరెటోడాన్ స్టాటిస్టికే అని పేరు పడింది. గణాంకశాస్త్రం పేరు మోస్తున్న జంతువు ఇంకోటి ఉందేమో నాకైతే అనుమానమే.

ఇక డైనోసార్‌ను వర్ణించిన యాదగిరే, అంతకు ముందు 1984, 85లలో కోటా రాళ్ల చిన్న పళ్ల మీద కూర్చున్నారు. ఇండోథీరియం, త్రిశూలోథీరియం, నాకునొడాన్ ఆయన పెట్టిన పేర్లు. ఈ పళ్లు ఒకటి రెండు మిల్లీమీటర్లవి. అందులో కొన్ని ఇప్పటి కొమరంభీం జిల్లాలోని పైకాసిగూడెం దగ్గరివి. ఒక చేత్తో బండెడు ఎముకలు, ఇంకో చేత్తో సూది మొనకు అంటుకునే పన్ను! ఆయన పనిలో నాకు రెండోదే గొప్పగా కనిపిస్తుంది. పెద్ద ఎముకను దారిన పోయే పశులకాపరైనా చూస్తాడు.

శనివారం, తార్నాక

అక్క కూతురు హారిక ఎంబీబీఎస్ ఫస్టియర్. సీనియర్ దగ్గర కొన్న హాఫ్ సెట్ బోన్స్ దివాన్ కింద అట్టపెట్టెలో ఉంటాయి. అక్క ఆ గది ఊడ్వదు.

పొద్దున్నే కింది దవడ బయటికి తీయించాను. మనిషి కింది దవడ ఒకే ఎముక. పళ్లున్నదీ అదే, పైకి పోయి చెవి ముందు పుర్రెకు తగిలేదీ అదే. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే ఆ కీలు కదలడం తెలుస్తుంది. అదే బల్లికో మొసలికో అయితే కింది దవడ అరడజను ఎముకల కూర్పు. పళ్లున్న ఎముక ముందు ఉంటుంది. కీలు మాత్రం వెనకున్న ఆర్టిక్యులర్ అనే ఎముకది. అది పుర్రెలోని క్వాడ్రేట్ అనే ఎముకతో కలుస్తుంది. వాటి నడిచెవిలో ఎముక ఒక్కటే. మనకు మూడు.

"ఆ మూడు ఎక్కడివి?" అని అడిగాను.

హారిక ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "మాలియస్, ఇంకస్ ఫస్ట్ ఆర్చ్. స్టేపిస్ సెకండ్ ఆర్చ్. వైవాల పక్కా అడుగుతరు చిన్నమ్మా."

"పిండంల ఉండే ఆ ఫస్ట్ ఆర్చ్ నుంచి దవడ గదా రావాలె. చెవి ఎముకలెందుకు వచ్చినయి?"

"బుక్కుల అట్లనే ఉంటది."

పాపం, పుస్తకం తప్పేం లేదు. పరీక్షకు అంతే చాలు. కానీ ఆ ఒక్క వాక్యం వెనక ఒకటిన్నర శతాబ్దం పని ఉంది. 1837లో జర్మనీలో కార్ల్ రైకర్ట్ పిండాలను కోసి చూస్తూ, పిండం కింది దవడలో ఉండే మెకెల్ మృదులాస్థి వెనక కొసే మాలియస్ అవుతోందని గమనించాడు. సరీసృపాల్లో అదే కొస ఆర్టిక్యులర్ అవుతుంది, అంటే దవడ కీలు. క్వాడ్రేట్ స్థానంలో ఉన్నది ఇంకస్. మన చెవిలోని రెండు ఎముకలు ఒకప్పటి దవడ కీలు అన్నమాట. వినడానికి కట్టుకథలా ఉంటుంది. పైగా ఒక చిక్కుంది. కీలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంటే నడుమ ఆ జంతువు తినేదెట్లా? కీలు లేని దవడతో ఒక్క తరమైనా బతకదు కదా.

దీనికి జవాబు రాళ్లిచ్చాయి. జురాసిక్‌కు ముందటి ట్రయాసిక్ కాలపు సైనోడాంట్లలో పళ్లున్న ఎముక, అంటే డెంటరీ, తరాలు గడిచేకొద్దీ వెనక్కి పెరిగింది. కొరికే కండరాలన్నీ దానికే పట్టుకున్నాయి. వెనకున్న ఎముకలు చిక్కి సన్నబడ్డాయి. ఆఖరికి డెంటరీ పోయి పుర్రెలోని స్క్వామోజల్ ఎముకను తాకింది. వేల్స్‌లో దొరికిన, 1949లో వాల్టర్ క్యూనే పేరు పెట్టిన మోర్గనుకొడాన్‌లో రెండు కీళ్లూ పక్కపక్కనే ఉన్నాయి, పాతదీ కొత్తదీ. దాని కాలం 20 కోట్ల ఏళ్ల కిందట. కొత్త కీలు బరువు మోసింది కాబట్టి పాతది వినడం అనే చిన్న పనికి మిగిలింది. చైనాలోని లుఫెంగ్‌లో దొరికి 2001లో వెలుగు చూసిన హాడ్రోకోడియం పుర్రె సెంటీమీటరుకు కాస్త పైన ఉంటుంది. జంతువు బరువు రెండు గ్రాములని అంచనా. 19 కోట్ల ఏళ్లు దాటిన ఆ దవడ మీద వెనక ఎముకలు ఇమిడే గాడి కూడా లేదు, అంటే అవి అప్పటికే దవడను విడిచాయన్నమాట.

అందుకే శిలాజాలు చూసేవాళ్లు వెంట్రుకలు వెతకరు. దవడ ఏ ఎముకతో పుర్రెను కలుస్తోందో చూస్తారు. రాత్రుళ్లు పురుగులు తిని బతికే చిన్న ప్రాణికి సన్నటి, హెచ్చు స్వరాల చప్పుళ్లు వినబడడం ఎంత లాభమో వేరే చెప్పక్కర్లేదు.

హారిక మాలియస్ బొమ్మ పక్కన పెన్సిల్‌తో "పాత దవడ" అని రాసుకుంది. "కంగారూ లెక్క సంచి జంతువు అపోజం. దాని పిల్ల పుట్టినప్పుడు ఆ ఎముకలు ఇంకా దవడకే అంటుకొని ఉంటయి, తర్వాత విడిపోతయి" అని చెబితే దాని కింద అదీ రాసింది. సాయంత్రం దాకా చెవి ముందు వేలు పెట్టి నోరు తెరుస్తూ తిరిగింది. అక్క మాత్రం పన్ను నొప్పేమో అనుకుని లవంగం ఇచ్చింది.

ఆదివారం, జియాగూడ

బావ తలకాయకూర ముచ్చట తీస్తే నేనూ వెంట బయల్దేరాను. జియాగూడ మండీ పొద్దున పూట చూడాల్సిందే. లారీల్లోంచి దిగే గొర్రెలు, మేకలు, బేరాలు, టీ గ్లాసులు. అమ్మేవాళ్లు వయసు నోటితో చెప్పరు, నోరు తెరిచి చూపిస్తారు.

"సూడుండ్రి మేడం, రెండు పండ్లది. ఏడాది దాటి ఎన్నో రోజులు కాలె."

రెండు పళ్లంటే కింది ముందుపళ్ల నడిమి జత పాలపళ్లు ఊడి, వెడల్పాటి అసలు పళ్లు వచ్చాయని. తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది. ఎనిమిదీ వస్తే నోరు నిండినట్టు. పైన ముందుపళ్లు మేకకు ఉండనే ఉండవు. జీవశాస్త్రం పేరు ఎత్తకుండా ఇక్కడ రోజూ నడిచే పరీక్ష ఇది, దీని ఆధారం క్షీరదాలకు రెండే విడతల పళ్లు ఉండడం. బల్లి, మొసలి బతికినన్నాళ్లూ పళ్లు మారుస్తూనే ఉంటాయి, వాటి నోట్లో ఈ లెక్క పనిచెయ్యదు.

రెండే విడతలు ఎందుకన్నది మండీలో కాదు, లుఫెంగ్ పుర్రెల్లో తేలింది. సైనోకోనొడాన్ అనే క్షీరదాల తొలి బంధువువి చిన్నవీ పెద్దవీ కలిపి చాలా పుర్రెలు దొరికాయి. అది చాన్నాళ్లు పెరుగుతూ ముందుపళ్లు మళ్లీ మళ్లీ మార్చుకునేది. మోర్గనుకొడాన్ అట్లా కాదు, తొందరగా పెరిగి ఆగింది, పళ్లు ఒక్కసారి మార్చుకుని ఊరుకుంది. దవడ దాదాపు పూర్తిగా పెరిగాక వచ్చిన పళ్లు కాబట్టి పైవీ కిందివీ అచ్చంగా అమరుతాయి, అరుగుదల గుర్తులు జతగా కనబడతాయి. అన్నాళ్లు పళ్లు లేకుండా పిల్ల బతకాలంటే తల్లి దగ్గర పాలుండాలి. పాలు శిలాజం కావు. పాలపళ్లు అవుతాయి. నాకు ఈ మొత్తం శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చిన తర్కం ఇదే.

మధ్యాహ్నం దవడ నాకిచ్చి మిగతా కూర వండమన్నాను. "కూర గిన్నెల పడాల్సింది సింకుల నానబెడ్తవా" అని అక్క కేకలేసింది. ఉడికించి గీకితే ఒక్కో వైపు ఒకే ఎముక, హారిక పెట్టెలోని దాని లాగే. దంతాల మీద నెలవంకల వరసలు. ఎంత మారినా వీటి మూలరూపం వేరే. పై పన్ను లోపలి గుబ్బ, కింది పన్ను వెనకభాగంలోని గుంటలో పడుతుంది. రోట్లో రోకలి పడ్డట్టు. ముందుభాగం కోస్తుంది, వెనకభాగం నూరుతుంది. మన దవడ పళ్లదీ ఆ వంశమే. కోటాథీరియం పన్ను అట్లా కాదు. మూడు మొనలు త్రికోణంగా నిలబడి ఉంటాయి, కోతకు తప్ప నూరడానికి పనికిరావు. ఆ గుంట ఉన్న పన్నే రేపు వెళ్లబోయే ఊళ్లో దొరికింది.

సోమవారం, నస్కల్

భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన ఒక సారు తోడు వస్తానన్నారు. బావకు పాత పరిచయం. లింగంపల్లిలో రైలెక్కి వికారాబాద్‌లో దిగి, పరిగి దారిలో బస్సు పట్టుకున్నాం. రైల్లో కిటికీ పక్క సీటు ఆయనే తీసుకున్నారు, రాళ్లు చూడాలట.

"హైదరాబాద్ గుట్టల్ల ఎన్ని తరాలు తవ్వినా శిలాజం దొరకదు. అది గ్రానైట్. 250 కోట్ల ఏండ్లది, భూమి లోపల కరిగి గడ్డకట్టింది. గోల్కొండ, మౌలాలి, బంజారాహిల్స్, అంతా అదే. పడమటికి పోయినకొద్దీ రంగు మారుతది, చూస్తుండు" అన్నారు. నిజమే. శంకర్‌పల్లి దాటాక గుండ్రాళ్లు తగ్గి చేలు నల్లబడ్డాయి. కంది కోసిన చేలు, పత్తి కట్టె, అక్కడక్కడ ఎర్రమట్టి. దక్కన్ లావా తూర్పు అంచు ఇటువైపే.

లావా ఒక్కసారి పారింది కాదు. ఒక పొర పారి చల్లారాక, తరువాతి పొర వచ్చేలోపు గుంటల్లో నీళ్లు నిలిచేవి. చెరువులయ్యేవి, చెట్లు మొలిచేవి, కప్పలు చేపలు చేరేవి. మళ్లీ లావా వచ్చి వాటిని కప్పేసేది. రెండు పొరల నడుమ చిక్కిన ఆ చెరువు మట్టిని ఇంటర్‌ట్రాపియన్ పొర అంటారు. నస్కల్ దగ్గర అట్లాంటిదే ఒకటి. చూడ్డానికి ఏమీ లేదు. బూడిద రంగు మట్టి, కొంత సుద్దరాయి, పైన నల్లరాయి. గొర్రెలు తోలుకుపోతున్న అబ్బాయి మేం ఏం చూస్తున్నామో అర్థంకాక కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ఇక్కడి పళ్ల ఆధారంగా దక్కనోలెస్టిస్ హిస్లోపీని నేచర్ పత్రికలో ప్రకటించారు. భారతదేశంలో క్రెటేషియస్, అంటే జురాసిక్ తర్వాతి కాలపు మొదటి క్షీరదం. హిస్లోపీ అన్నది నాగపూర్‌లో మతబోధ చేస్తూ మధ్యభారతం రాళ్లు, శిలాజాలు పోగుచేసిన స్టీఫెన్ హిస్లాప్ పేరు. కోటా పళ్లకూ ఈ పళ్లకూ నడుమ పదికోట్ల ఏళ్లు. త్రికోణం పక్కన రోలు చేరింది ఆ వ్యవధిలోనే. రెండు కొసలూ తెలంగాణలోనే ఉన్నాయి. దీని గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క బొమ్మ ఉంటే బాగుండేది.

పళ్ల తర్వాత మడమ ఎముకలు దొరికాయి. వాటిని 1994లో వర్ణించారు. సారు అక్కడే గట్టు మీద కూర్చుని తన చెప్పు విడిచి పాదం లోపలికీ బయటికీ తిప్పి చూపించారు. "చెట్టెక్కే జంతువుకు మడమ ఇట్ల తిరగాలె. కొమ్మ వాలు ఎటుంటే అటు పాదం వాలాలె. దక్కనోలెస్టిస్ మడమ తిరుగుతది. నేల మీద ఉరికేదానికి ఇది అక్కర్లేదు." అప్పుడు ఇది చెట్ల మీది జంతువు. కోతుల వంశానికి దగ్గరని కొందరన్నారు. 2010 నాటికి చేతి ఎముకలూ ఆ పోలిక చూపించాయి. ఆ వెంటనే, పళ్లను ఆఫ్రికా, యూరప్ జంతువులతో పోల్చినవాళ్లు ఇది అక్కడి ఆడాపిసోరికులిడ్లు అనే పాత చిన్న క్షీరదాల బంధువని, ఇప్పటి మావియుత క్షీరదాల కొమ్మలు చీలకముందు మొదట్లో విడిపోయినదని చూపించారు. నాకు రెండో వాదనే బలంగా కనబడుతోంది. చెట్టెక్కే పాదం ఎన్ని వంశాల్లోనైనా విడివిడిగా రాగలదు, పళ్ల మొనల వరస అంత తేలిగ్గా మారదు.

2022లో నస్కల్ నుంచే ఇండోక్లెమెన్సియా అని మరో రెండు జాతులు వచ్చాయి. ఈ మట్టి వయసును కూడా గట్టిగా లెక్కగట్టారు. 6.6 కోట్ల ఏళ్లు, డైనోసార్ల అంతానికి కాస్త ముందు. అప్పటికి భారతదేశం ఆసియాకు అతుక్కోలేదు, సముద్రం నడుమ ఉత్తరానికి కదులుతోంది. ఇంత చిన్న ప్రాణి బంధువులు ఆఫ్రికాలోనూ యూరప్‌లోనూ ఎట్లా ఉన్నారన్నది ఇప్పటికీ గొడవే.

పరిగి బస్టాండులో మిర్చిబజ్జీ తిన్నాం. చెప్పుకోదగ్గవి కావు.

మంగళవారం, ఒక మైక్రోస్కోపు ముందు

సారు ఇంట్లో పాత బైనాక్యులర్ మైక్రోస్కోపు ఉంది. దాని పక్కన జల్లెడ పట్టిన మట్టి తాలూకు చిన్న డబ్బా, ఉద్యోగం చేసినప్పటిది. మట్టిని బాగా ఎండబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, ఆ కిరోసిన్ వంపేసి నీళ్లు పోస్తే గడ్డలు విచ్చుకుంటాయట. తర్వాత సన్నటి జల్లెళ్లలో కడిగి, మిగిలిన గరుకును ట్రేలో పరచి, తడి కుంచె కొసతో ఒక్కో రేణువూ చూడడం. బస్తాల మట్టి చేటెడు గరుకవుతుంది. హారికా నేనూ వంతులవారీగా కూర్చున్నాం. చేప పొలుసులు, ఆస్ట్రకాడ్ అనే చిన్న నీటిప్రాణుల గుల్లలు, కేరోఫైట్ నాచు గింజలు, ఒక కప్ప ఎముక కొస. క్షీరదం పన్ను లేదు.

"ఒక్క పన్ను దొరికితే పేరు పెట్టొచ్చా సార్?" అని హారిక అడిగింది.

"పెట్టిర్రు గదా" అని టికిథీరియం కథ చెప్పారు. మధ్యప్రదేశ్‌లో టికి ఫార్మేషన్ ట్రయాసిక్ రాళ్లు. అక్కడి ఒకే ఒక్క పై దవడ పన్నుతో 2005లో టికిథీరియం కోపీ అనే పేరు వచ్చింది. 20 కోట్ల ఏళ్లకు పైబడిన పన్ను అంత నవీనంగా ఉండడం అందరినీ ఆశ్చర్యపరిచింది. తొలి క్షీరదాల వంశవృక్షాల్లో దానికి చోటిచ్చారు. 2024లో అవెర్యానోవ్, వోయ్‌తా అనే రష్యన్ శాస్త్రవేత్తలు మళ్లీ చూసి, ఇది చుంచు పన్ను అన్నారు. నియోజీన్ నాటి మామూలు చుంచు. గత రెండు కోట్ల చిల్లర ఏళ్లలోది.

హారిక నవ్వింది. సారు నవ్వలేదు. "నవ్వకు. పన్ను అబద్ధం చెప్పలె. మొనలు, వాటి నడుమ గట్లు, ఎనామిల్, అన్నీ చుంచువే అని అదే చెప్పింది. రాయి వయసును చూసి మనమే వినలె. కోటా పళ్లు, నస్కల్ పళ్లు అట్ల కాదు. ఒకటికి నాలుగు దొరికినయి, ఇంకో జట్టువాళ్లు పోయి మళ్ల జల్లెడ పట్టి తెచ్చిర్రు."

నాకు ఇంకో మాట తోచింది. మొన్న మ్యూజియంలో అంత పెద్ద డైనోసార్‌కు తల పోయి పళ్లే మిగిలాయి. ఎనామిల్ శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం. తొలి క్షీరదాల చరిత్ర పళ్ల మీద నడవడం ఎవరూ ఎంచుకున్న పద్ధతి కాదు, మిగిలినవి అవే. ఆ పక్షపాతం చదివేవాళ్లకు గుర్తుంటే మంచిది. పన్ను తిండి గురించీ బంధుత్వం గురించీ చెబుతుంది. చెట్టు మీద బతికిందా నేల మీదనా అంటే మడమ దొరకాలి, చెవి ఎముకలు దవడను విడిచాయా లేదా అంటే దవడ లోపలి గాడి ఉన్న చోటు దొరకాలి.

కాలేజీ తెరిచాక పిల్లలను ఎక్కడికి తీసుకుపోవాలని సారును అడిగాను. నస్కల్ వద్దన్నారు, కంటికి ఏమీ ఆనదు. "మీ కాజీపేట నుంచి కాగజ్‌నగర్ దిక్కు పోయే బండి ఎక్కుర్రి. రేచ్ని రోడ్ స్టేషన్ల దిగాలె. ఆ రేచ్ని పేరు మీదనే 1970ల రెక్నిసారస్ అని పేరు పెట్టిర్రు. డైసినోడాంట్, మన వంశానికి పక్క కొమ్మ. ఎర్రమట్టి కనబడుతది, పొరలు కనబడుతయి. పెద్దవాళ్లను అడిగి పొలాలల్ల నడువుర్రి. దేన్నీ తవ్వొద్దు, సంచిల ఏసుకోవద్దు. ఏదన్న దొరికితే ఫొటో తీసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, నాకు పంపు."

"ఫిబ్రవరిలనే పోవాలె సార్, తర్వాత ఎండలు" అన్నాను.

"ఇంటర్నల్స్ అయిపోతయి, నేనూ వస్త చిన్నమ్మా" అంది హారిక, మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే. "సార్, ఇదేందో చూడుర్రి, మెరుస్తుంది."

చేప పొలుసు.